ఆ సభలో కర్ణుడేమన్నాడు? - తెలుగు పాత్రలు తమ మాట తామే చెప్పుకున్న చరిత్ర

మా బడి నాచారంలో ఉంది. నేనుండేది ఉప్పల్‌లో. రోజూ హబ్సిగూడ చౌరస్తా మీదుగా వచ్చిపోతుంటాను. మా బడి పిల్లల్లో ఎక్కువమంది పారిశ్రామికవాడను నమ్ముకొని బతికేవాళ్ళ బిడ్డలు. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి, బీహారు నుంచి వచ్చి ఒంటిగది అద్దె ఇళ్ళలో సర్దుకున్న కుటుంబాలు. ఈ పిల్లలకు తెలుగు పాఠం చెప్పడం నా వృత్తి. నవలలు చదివి వాటి గురించి నాలుగు మాటలు రాయడం నా వ్యసనం. ఈ రెండూ ఒకదానికొకటి తగిలిన చోట ఈ వ్యాసం పుట్టింది.

బడి వార్షికోత్సవంలో తొమ్మిదో తరగతి కుర్రాడొకడు దుర్యోధనుడి ఏకపాత్రాభినయం చేశాడు. అట్ట కిరీటం, బంగారు కాగితం చుట్టిన గద. 'దానవీరశూరకర్ణ' సినిమాలో కర్ణుణ్ణి కులమేదని అడిగినప్పుడు దుర్యోధనుడు ఇచ్చే జవాబు అది. తెలుగునాట ఆ మాటలు నోటికి రానివాడు అరుదు. మా నాచారానికి ఆ సినిమా మరీ పరాయిది కాదు. ఎన్.టి. రామారావు రామకృష్ణా స్టూడియో కట్టించింది ఇక్కడే. ఆ రామకృష్ణా సంస్థ పేరు మీదనే 1977 సంక్రాంతికి 'దానవీరశూరకర్ణ' విడుదలైంది. మాటలు రాసినవారు కొండవీటి వెంకటకవి. కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడు వేషాలూ రామారావువే.

కుర్రాడు బాగా చేశాడు. ఈలలు పడ్డాయి. మర్నాడు తరగతిలో ఆ ముచ్చటే నడుస్తుంటే పదో తరగతి పిల్ల ఒకతె లేచి, "సార్, దుర్యోధనుడు గంత సేపు మాట్లాడిండు గద, గా సభల కర్ణుడు ఏమన్నడు సార్?" అని అడిగింది.

నాకు వెంటనే జవాబు తట్టలేదు. ఇంటికి వెళ్ళి ఆదిపర్వం తీసి చూశాను. కృపాచార్యుడు నీ కులమేది, నీ తల్లిదండ్రులెవరు అని అడిగినప్పుడు కర్ణుడు సిగ్గుతో తల వంచుకుంటాడు. మాట్లాడేది దుర్యోధనుడు. అంగరాజ్యం ఇచ్చేది దుర్యోధనుడు. ఆ మాటల్లో న్యాయం ఉంది, కాదనలేం. కానీ అర్జునుడికి ఎదురు నిలబడగల విలుకాడు కావలసిన అవసరం కూడా దుర్యోధనుడికి ఉంది. అవమానపడ్డవాడు తల వంచుకొని ఉంటే, వాడితో అవసరం ఉన్నవాడు వాడి తరఫున మాట్లాడాడు. ఆ ఒక్క పూట రుణం కర్ణుడు ప్రాణంతో తీర్చవలసి వచ్చింది.

ఆ పిల్ల ప్రశ్నను పట్టుకొని మన కథాసాహిత్యాన్ని మళ్ళీ ఒకసారి తిరగేశాను. ప్రేమ, తెగింపు, కులద్వేషం, ఎదుగుదల అనే నాలుగు మాటలు మన నవలా విమర్శలో తరచు వాడతాం. పాత్ర ఎదిగిందా లేదా అని మార్కులు వేస్తాం. అయితే ఎదుగుదలకు కొలమానం ఏమిటి? వయసు కాదు. పెళ్ళి కాదు, ఉద్యోగం కాదు. తన మాట తాను చెప్పుకోగలగడం, ఆ మాటకు పడే మూల్యాన్ని మరొకరి నెత్తిన వేయకుండా ఉండడం - ఇదే కొలమానమని నా అభిప్రాయం. ఈ కొలతతో చూస్తే మన సాహిత్య చరిత్ర కొంత వేరుగా కనిపిస్తుంది.

1

'కన్యాశుల్కం' దగ్గర మొదలుపెట్టడం న్యాయం. 1892లో మొదటిసారి ప్రదర్శించబడి, 1897లో అచ్చయి, 1909లో పూర్తిగా కొత్త రూపం దాల్చిన నాటకం అది. నవల కాకపోయినా మన నవలా పాత్రలన్నిటికీ పెద్దదిక్కు. మొదటి కూర్పు ముందుమాటలో గురజాడ ఒక లెక్క చెప్పారు. విజయనగరం మహారాజు సేకరింపజేసిన జాబితా ప్రకారం విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళ కాలంలో బ్రాహ్మణ కుటుంబాల్లో నమోదైన శుల్క వివాహాలు 1,034. అందులో 99 మంది పిల్లల వయసు ఐదేళ్ళు. 44 మందికి నాలుగేళ్ళు, 36 మందికి మూడేళ్ళు, ఆరుగురికి రెండేళ్ళు, ముగ్గురికి ఒక్క ఏడాది. ఏడాది పిల్లకు పెళ్ళి చేసిన సమాజంలో ప్రేమ గురించి, ఎదుగుదల గురించి మాట్లాడడం ఎంత కష్టమో ఈ లెక్క ఒక్కటే చెబుతుంది.

నాటకంలో ఈ లెక్కకు ప్రతినిధి సుబ్బి. లుబ్ధావధాన్లకు అమ్మబోయింది ఆ పిల్లనే. కథంతా ఆమె చుట్టూ తిరుగుతుంది. కానీ ఆమె మాట దాదాపు వినపడదు. ఆమె అక్క బుచ్చమ్మ వితంతువు. ఆమె మాట్లాడుతుంది, అయితే ఆమె పునర్వివాహం గురించి మాట్లాడేది గిరీశం. ప్రేమ అనే మాటనూ, సంస్కరణ అనే మాటనూ మన సాహిత్యంలో అంత ధారాళంగా వాడిన పాత్ర మరొకటి లేదు. గిరీశానికి పోయేది ఏమైనా ఉందా? పథకం చెడితే ఇంకో ఊరు, ఇంకో ఇల్లు. అర్ధరాత్రి ఇల్లు విడిచి వెళ్ళిన బుచ్చమ్మకు మాత్రం వెనక్కి దారి లేదు. చివరికి ఆమె చేరేది శరణాలయానికి.

గిరీశాన్ని చూసి నవ్వుకోవడం మనకు అలవాటు. కానీ అతను చేసిన పని సూటిగా చెప్పుకుంటే ఇది: తెగింపు అవతలివాళ్ళ చేత చేయించి, మాటలు మాత్రం తను చెప్పడం. ఈ పని చేసే పాత్రలు ఆ తర్వాత వందేళ్ళు తెలుగు నవలల్లో నాయకులుగా చలామణి అయ్యాయి. వాళ్ళను చూసి మనం నవ్వలేదు, అంతే తేడా. ఆ నాటకంలో తనకోసం తాను మాట్లాడి, చిక్కులో తలదూర్చి, ఆ తర్వాత తన దారి తాను చూసుకున్నది మధురవాణి. సంఘం అన్నిటికన్న తక్కువ చేసిన మనిషికే గురజాడ ఆ బలం ఇచ్చారు. ఇది యాదృచ్ఛికం కాదు.

2

ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' 1922 నాటిది. జైల్లో పుట్టిన నవల. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాక గాని ఆ బెడద పూర్తిగా వదలలేదు. ఒక ప్రభుత్వం ఒక నవలకు అంత భయపడిందంటే అందులో ఏదో పాత్ర నోరు విప్పి ఉండాలి.

ఆ పాత్ర సంగదాసు. మాల కులంలో పుట్టిన వ్యవసాయ కూలీ, రామదాసు కొడుకు. భూస్వామి చౌదరయ్య కొడుకు రామానాయుడు అతని స్నేహితుడు. ఇద్దరూ ఒకే పుస్తకాలు చదువుతారు, ఒకే లోకం రావాలని కోరుకుంటారు. కూలిరేట్ల మీద సమ్మె వచ్చినప్పుడు సంగదాసు కూలీల పక్షాన నిలబడతాడు. చౌదరయ్య కొట్టిన దెబ్బకు చనిపోతాడు. రామానాయుడు బతికి ఉంటాడు.

ఈ ఇద్దరు స్నేహితుల్లో చెడ్డవాడెవడూ లేడు. అయినా ఒకే ఆశయానికి ఒకడు ప్రాణం పెట్టాడు, ఇంకొకడికి దుఃఖం మిగిలింది. స్నేహం ఇద్దరిదీ, ప్రమాదం ఒక్కడిది. ఉన్నవ అగ్రవర్ణంలో పుట్టిన రచయిత. గాంధీయుగపు ఆదర్శాలు ఆయన చూపుకు కొంత హద్దు గీసిన మాట నిజమే. అయినా దెబ్బ ఎవరి మీద పడుతుందో ఆయన దాచలేదు. 'మాలపల్లి' గొప్పతనం అందులో ఉన్న ఆదర్శాల్లో కన్నా ఈ నిజాయితీలో ఎక్కువ ఉంది.

దీనికి పక్కన 1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'మాలపిల్ల' సినిమాను పెట్టి చూడండి. చలం కథ, తాపీ ధర్మారావు మాటలు. బ్రాహ్మణ యువకుడు, హరిజన యువతి ప్రేమించుకుంటారు. ఆలయ ప్రవేశోద్యమం నడుస్తున్న రోజుల్లో అటువంటి సినిమా తీయడం చిన్న సాహసం కాదు. అయినా ఛాందసుడైన తండ్రి మనసు మారడానికి ఏం కావలసి వచ్చింది? మంటల్లో చిక్కుకున్న ఆయన భార్యను ఒక హరిజనుడు కాపాడాలి. అంటే తాము మనుషులమని నిరూపించుకోవడానికి అటువైపువాళ్ళు ముందు మంటల్లోకి దూకాలి. ఇటువైపువాళ్ళు చేయవలసిందల్లా ఆ తర్వాత మనసు మార్చుకోవడం. కర్ణుడు విల్లు ఎత్తి చూపించాకే అంగరాజ్యం వచ్చింది. ఏ పరీక్షా పెట్టకుండా మనిషిని మనిషిగా ఒప్పుకోవడం మన కథలకు చాలాకాలం చేతకాలేదు.

3

స్త్రీ పాత్రల విషయంలో చలం 'మైదానం' ఒక పెద్ద మలుపు. 1927 నాటి ఆ నవల గురించి నీతి, అవినీతి అనే పేచీ ఎంతకాలం నడిచిందో మనకు తెలుసు. ఆ పేచీలో పడి ఒక మామూలు విషయం మరిచిపోతాం. ఆ కథ చెప్పేది రాజేశ్వరే. ప్లీడరు భర్తను వదిలి అమీర్‌తో వెళ్ళిపోయిన స్త్రీ, తను ఎందుకు వెళ్ళిందో తన నోటితో చెబుతుంది. ఆమె తరఫున సంస్కర్త లేడు, న్యాయవాది లేడు. బుచ్చమ్మ ఇల్లు విడిచి వెళ్ళింది కూడా ఒక మగవాడితోనే. కానీ బుచ్చమ్మ కథ మనకు గిరీశం నాలుక మీదుగా వచ్చింది. రాజేశ్వరి కథ రాజేశ్వరి నుంచే వచ్చింది. ఆ రెండు రచనల మధ్య గడిచింది ఇరవై, ముప్పై ఏళ్ళే.

అయితే రాజేశ్వరికి కూడా మైదానం అచ్చంగా స్వేచ్ఛాలోకం కాలేదు. ఆమె గర్భవతి అయినప్పుడు బిడ్డ వద్దని పట్టుబట్టింది ఆ అమీరే. ఇల్లు, కులం, మతం అన్నీ దాటి వచ్చినా మగవాడి అధికారం వెంటే వచ్చింది. దీన్ని చలం దాచలేదు. చలాన్ని స్వేచ్ఛాప్రణయ ప్రచారకుడని తేల్చేసేవాళ్ళు ఈ భాగం మళ్ళీ చదవడం మంచిది.

1960ల తొలి సంవత్సరాల్లో రంగనాయకమ్మ 'బలిపీఠం' ఈ సమస్యను ఇంకో వైపు నుంచి పట్టుకుంది. 1975లో సినిమాగా కూడా వచ్చింది. అరుణ అగ్రవర్ణపు వితంతువు. జబ్బుతో చావుకు దగ్గరపడి, సుమంగళిగా చనిపోవాలని కోరుకుంటుంది. హరిజనుడైన భాస్కర్ జాలిపడి ఆమెను పెళ్ళి చేసుకుంటాడు. ఆమె బతుకుతుంది. ఆరోగ్యంతో పాటు కులం కూడా తిరిగి వస్తుంది. చావు ఎదుట అక్కరకు రాని కులం, బతుకు ఎదుట మళ్ళీ లేచి కూర్చుంది.

ఈ నవలతో నాకు కొన్ని పేచీలున్నా ఇందులో ఉన్న ఒక సత్యాన్ని ఒప్పుకోక తప్పదు. కులద్వేషం వీధిలో ఉన్న శత్రువు మాత్రమే కాదు. పెళ్ళి దండలు వాడిపోయాక వంటింట్లో, పిల్లల పెంపకంలో, బంధువులు వచ్చినప్పుడు భర్తను చూసే చూపులో అది పనిచేస్తుంది. ప్రేమకథలు పెళ్ళితో ముగిస్తే ఈ భాగం మనకు కనబడదు.

1987లో ఓల్గా 'స్వేచ్ఛ' వచ్చేనాటికి ప్రశ్న ఇంకొంత ముందుకు జరిగింది. ఆ నవల నాయిక పేరు కూడా అరుణే. పుట్టింటి పెత్తనం నుంచి బయటపడడానికి ప్రేమించినవాణ్ణి పెళ్ళి చేసుకుంటుంది. తీరా చూస్తే, ప్రేమ పెళ్ళి కూడా ఒక ఇల్లే, దానికీ ఒక యజమాని ఉన్నాడు. మొదటి తెగింపు ప్రేమకోసం. రెండో తెగింపు తనకోసం. ఎదుగుదల ఈ రెండో తెగింపులో ఉంది. సంస్కరణ యుగం స్త్రీకి భర్తను సంపాదించి పెట్టడమే పరిష్కారమనుకుంది. దాదాపు వందేళ్ళ తర్వాత ఒక రచయిత్రి, ఆ పరిష్కారం ఎవరికి పరిష్కారమని అడిగింది.

4

ఇక మా ప్రాంతానికి వస్తాను. తెలంగాణలో ఈ చరిత్ర కొంత ఆలస్యంగా మొదలైంది. నిజాం పాలన, గడీల పెత్తనం, వెట్టి, తెలుగు చదువుకు చోటులేకపోవడం దానికి కారణాలు. వట్టికోట ఆళ్వారుస్వామి ఇళ్ళలో వంటపని చేస్తూ, హోటల్లో పనిచేస్తూ చదువుకున్న మనిషి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి ఊరూరికీ పుస్తకాలు మోశారు. జైలుకు వెళ్ళారు. 1961లో చనిపోయారు. ఆయన 'ప్రజల మనిషి'లో కంఠీరవం ఎదిగేది ప్రేమలో పడి కాదు. ఊరి రైతులు దొర ఎదుట నోరు విప్పడం నేర్చుకుంటుంటే వాళ్ళ వెంట నడుస్తూ ఎదుగుతాడు. ఒక్కడి ఎదుగుదలకూ ఊరి ఎదుగుదలకూ ఉన్న ముడిని ఆళ్వారుస్వామి సాదాసీదాగా చూపించారు.

ఆయన వదిలిన దారిలో నడిచిన దాశరథి రంగాచార్య 1960ల చివర 'చిల్లర దేవుళ్ళు' రాశారు. అందులో ఒకే గడీలో ఇద్దరు ఆడపిల్లలు ఉంటారు. మంజరి దొర బిడ్డ. వనజ ఆడబాప. పెళ్ళికూతురి వెంట సారెతో పాటు అత్తవారింటికి పంపే దాసిని ఆడబాప అనేవారు. ఆమె సంతానం కూడా గడీ సొత్తే. మంజరికి మనసిచ్చినవాడి కోసం ఏడ్చే, ఎదిరించే అవకాశమైనా ఉంది. వనజకు వద్దు అనే హక్కు కూడా లేదు. ప్రేమను గురించి రాసేవాళ్ళు ఈ తేడా గుర్తుంచుకోవాలి. ప్రేమించడానికి ముందు మనిషి తన ఒంటికి తాను యజమాని కావాలి. ఆ యజమాన్యం లేనివాళ్ళ విషయంలో ప్రేమకథ అనే మాటే చెల్లదు. అక్కడ కావలసింది ముందు విముక్తి.

1969లో 'అంపశయ్య' వచ్చింది. ఆ ఏడే తెలంగాణ ఉద్యమంలో ఉస్మానియా విద్యార్థులు వీధుల్లో ఉన్నారు. ఉప్పల్ రోడ్డు మీద హబ్సిగూడ, తార్నాక దాటితే వచ్చే ఆ విశ్వవిద్యాలయమే నవలకు రంగస్థలం. నవీన్ ఒకే ఒక్క రోజు కథ రాశారు. పల్లె నుంచి వచ్చిన పేద విద్యార్థి రవి నిద్ర లేచినప్పటి నుంచి అతని మనసులో ఏం కదిలితే అది. డబ్బు లేకపోవడం, పరీక్షల భయం, ఆడపిల్లల మీద మోహం, పట్నపు వాళ్ళ ముందు తక్కువతనం. చైతన్యస్రవంతి శిల్పం గురించి మన విమర్శకులు చాలా రాశారు. నాకు శిల్పం కన్నా ముఖ్యమనిపించింది ఇది: రవి ఆగకుండా మాట్లాడతాడు, కానీ లోపలే. మోహాన్నీ అవమానాన్నీ కోపాన్నీ ఎవరితోనూ పంచుకోలేడు. కర్ణుడు తల వంచుకున్నప్పుడు అతని లోపల ఏం జరిగి ఉంటుందో తెలుసుకోవాలంటే రవిని చదవాలి.

నేను ఎం.ఏ. చదివింది ఆ ఆవరణలోనే. హాస్టల్ మంచం మీద ఆ నవల చదువుతుంటే ఎవరో నా డైరీ దొంగిలించి అచ్చేశారన్నంత ఉలికిపాటు కలిగింది. ఇన్నేళ్ళకు ఇంకో సంగతి తోచింది. రవి మోహపడ్డ ఆడపిల్లలు ఆ రోజంతా ఏమనుకొని ఉంటారో నాకు ఆనాడు తట్టనే లేదు. నవలకు అది లోపమని అనను. ఒక్క మనసులో మనల్ని బంధించడమే దాని పద్ధతి. లోపం నా చదువులో ఉంది. నా బాధ నాకు దొరికింది కదా అని మిగతావాళ్ళ మాట వినవలసిన పని లేదనుకున్నాను.

5

ఇంతవరకు ఇతరుల తప్పులు ఎంచాను. నాదొకటి చెప్పకపోతే న్యాయం కాదు.

కర్ణుడేమన్నాడని అడిగిన ఆ పిల్ల సంక్రాంతి సెలవుల తర్వాత బడికి రావడం మానేసింది. పదో తరగతి. పబ్లిక్ పరీక్షలు దగ్గరపడుతున్నాయి. పది రోజులు చూశాను. తరగతిలో ఒక కుర్రాడితో ఆమె స్నేహంగా ఉండేదని నాకు తెలుసు. ఇద్దరి కులాలు వేరని కూడా తెలుసు. ఇంట్లో తెలిసిపోయి ఉంటుంది, పెళ్ళి చేసేస్తున్నారు అని నాకు నేనే తీర్మానించుకున్నాను. ఒక సాయంత్రం వాళ్ళ గదికి వెళ్ళాను. తండ్రి గడప దగ్గర కూర్చొని ఉన్నాడు. అరగంట ఉపన్యాసం ఇచ్చాను. పద్దెనిమిదేళ్ళు నిండకుండా పెళ్ళి చేస్తే చట్టం ఏమంటుందో చెప్పాను. కులం గురించి చెప్పాను. ఆడపిల్ల చదువు గురించి చెప్పాను. ఆయన చేతులు కట్టుకొని విన్నాడు. ఆ పిల్ల లోపల గిన్నెలు సర్దుతూ ఉంది.

నేను లేచి వస్తుంటే సందు మలుపు దాకా వెంట వచ్చింది.

"సార్, పెండ్లెవరికి సార్?" అంది. "మా అమ్మకు కాలు ఇరిగింది. హబ్సిగూడల నాలుగిండ్ల పని జేస్తది. రెండు నెలలు పోకుంటే వేరేటోళ్ళను వెట్టుకుంటరు. గందుకే నేను వోతున్న. మీరు మా నాయనతోని గంత సేపు మాట్లాడిండ్రు గని, నన్నొక్క మాట అడగకపోతిరి."

అందులో నిష్ఠూరం కూడా లేదు. ఉన్నమాట చెప్పింది. నేను గిరీశాన్ని కాను, మనసులో దురుద్దేశం లేదు. అయినా గిరీశం చేసిన పనే చేశాను. ఆమెకు ఒక ప్రేమకథ నేనే అల్లి, ఒక విలన్‌ను నేనే పెట్టి, ఆమె తరఫున నేనే మాట్లాడి వచ్చాను. ఆమె మోస్తున్న బరువు ప్రేమది కాదు, నాలుగు ఇళ్ళ అంట్లది. ఆమె తీసుకున్న ప్రమాదం ఎవరితోనో వెళ్ళిపోవడం కాదు, తల్లి పని నిలబెట్టడానికి తన పరీక్షలను పణం పెట్టడం. ఎదుగుదల గురించి వ్యాసాలు రాసే నాకు ఎదుట నిలబడ్డ ఎదుగుదల కనబడలేదు.

అప్పుడు అడిగాను, ఏం కావాలని. పొద్దున పది తర్వాత ఖాళీ ఉంటుందని చెప్పింది. పదిన్నర నుంచి మధ్యాహ్నం దాకా బడికి వచ్చేటట్టు ప్రధానోపాధ్యాయురాలితో మాట్లాడి ఏర్పాటు చేశాం. తప్పిపోయిన పాఠాలు తోటి పిల్లలు రాసి ఇచ్చారు. పరీక్షలు రాసింది. ఇది పెద్ద విజయగాథ ఏమీ కాదు. ఒక ప్రశ్న ముందే అడిగి ఉంటే పది రోజుల కింద జరిగి ఉండే పని.

6

నా ఊహ ఈసారి తప్పింది గాని, ఆ ఊహకు ఆధారం లేదని ఎవరూ అనలేరు. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ఒక దళిత యువకుణ్ణి, గర్భవతి అయిన భార్య కళ్ళ ముందే, ఆసుపత్రి బయట నరికి చంపారు. చంపించింది భార్య తండ్రి. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. 2022 మే 4న మాకు దగ్గరలోనే ఉన్న సరూర్‌నగర్‌లో నడిరోడ్డు మీద మరో దళిత యువకుణ్ణి భార్య ఎదుటే ఆమె తరఫువాళ్ళు చంపారు. ఆమె ముస్లిం కుటుంబంలో పుట్టింది. సంగదాసు మీద దెబ్బ పడి వందేళ్ళు నిండేనాటికి ఆ దెబ్బ ఇంకా పడుతూనే ఉంది. వాళ్ళు చేసిన నేరం ప్రేమించడం, ఆ మాట దాచకపోవడం.

ఆ మిర్యాలగూడ యువతి కన్నతండ్రికి ఎదురు నిలబడి తన మాట తాను చెప్పింది. అందుకు లోకం ఆమెను ఆడిపోసుకుంది కూడా. మన నవలల్లో అటువంటి స్త్రీ ఎంతమంది ఉన్నారని నన్ను నేను అడుగుకున్నాను. బతుకు మన కథల కన్నా ముందు నడుస్తున్నదని ఒప్పుకోవాలి.

అయితే ఆ దిశలో కదిలిన రచనలు లేకపోలేదు. 2000లో రెండు నవలలు వచ్చాయి. జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం'లో ఊరు విడిచిపోయిన పిల్లవాడు ఎల్లన్న కళాకారుడవుతాడు. అతని కథ, అతని కోసం ఎదురుచూసిన సుభద్ర కథ, తరాల కథ రూతు జ్ఞాపకాల్లోంచి మనకు అందుతుంది. చరిత్రను గుర్తుపెట్టుకొని చెప్పే పని ఒక దళిత స్త్రీ చేతిలో ఉంది. వేముల ఎల్లయ్య 'కక్క' నల్లగొండ మాదిగవాడ మాటలో నడిచిన నవల. మొదటిసారి చదివినప్పుడు తెలుగు ఎం.ఏ. చదివిన నాకు కొన్ని మాటలు తెలియలేదు. మా తరగతిలో ఒక పిల్లవాడు ఆ పుట ఆగకుండా చదివి అర్థం చెప్పాడు. నాకు అర్థం కానిది వాడికి ఇల్లు. పాఠ్యపుస్తకం వాడి నోటి నుంచి తీసేసిన మాటలను ఆ నవల తిరిగి ఇచ్చింది. జీతగాడి బతుకు గురించి అంతకుముందు ఎందరో జాలిగా రాశారు. 'కక్క'లో జాలికి చోటులేదు. ఆ వాడ తన గురించి తాను చెప్పుకుంటుంది.

దీన్నిబట్టి ఎవరి బతుకు వాళ్ళే రాసుకోవాలి, ఇతరులు ముట్టుకోకూడదు అని నేను అనడం లేదు. అలా అంటే 'మాలపల్లి' ఉండదు, 'కన్యాశుల్కం' ఉండదు. ఉన్నవ రాయకపోతే సంగదాసు పేరు ఎన్ని ఇళ్ళకు చేరేది? ఇతరుల బతుకు రాయడం తప్పు కాదు. అడగకుండా రాయడం తప్పు. వాళ్ళ తరఫున మాట్లాడి, వచ్చిన కీర్తి మనం తీసుకొని, పడే దెబ్బ వాళ్ళకు వదిలేయడం తప్పు. ఉన్నవ జైలుకు వెళ్ళారు, ఆళ్వారుస్వామి జైలుకు వెళ్ళారు. వాళ్ళ పుస్తకాలు ఇంకా నిలబడడానికి అదీ ఒక కారణం.

కొత్తగా రాస్తున్నవాళ్ళకు, సాహిత్యం చదువుకుంటున్న విద్యార్థులకు ఒక్క మనవి. ఒక పాత్రను తీసుకున్నప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ కథలో తెగించింది ఎవరు, మూల్యం చెల్లించింది ఎవరు? ఆ చెల్లించిన మనిషి ఒక్క మాటైనా మాట్లాడిందా? ఈ రెండిటికీ జవాబు దొరికాక శిల్పం గురించి, శైలి గురించి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

ఆ తర్వాత ఒకనాడు ఆ పిల్ల ప్రశ్నను మళ్ళీ తరగతి ముందు పెట్టాను. భారతంలో ఆ సభలో కులమేదని అడిగినప్పుడు కర్ణుడు ఏమీ అనలేదని చెప్పి, మీరైతే ఏమని ఉండేవాళ్ళో రాయమన్నాను. నలభై కాగితాలు వచ్చాయి. కొందరు దుర్యోధనుడి మాటలే మళ్ళీ రాశారు. ఒకడు బాణం వేస్తానన్నాడు. ఆమె కాగితంలో మాత్రం రెండే వాక్యాలున్నాయి. పోటీ విలువిద్యలో అయితే విల్లు ఇయ్యండి. కులంలో అయితే నేను ఇంటికి పోతా, నాకు పని ఉంది.